ఎండాకు తెగులు రాదన్న సాంబమసూరిలో మచ్చలొచ్చాయి. ఈ రిసెప్టర్ సంగతేంటి?

కాల్వగట్టు (ఆదివారం రాత్రి 9:42)

అందరికీ నమస్తే. మాది తెనాలి దగ్గర. నాలుగెకరాలు నాన్న చూసుకుంటారు, నేను హైదరాబాద్‌లో ఉద్యోగం, నెలకోసారి ఊరెళ్తుంటా. ఈ సార్వాకి రెండెకరాల్లో ఇంట్లో దాచుకున్న మామూలు బీపీటీ (పాత సాంబమసూరి) విత్తనం, మిగతా రెండెకరాల్లో ఇంప్రూవ్డ్ సాంబమసూరి వేశాం. అమ్మినాయన దీనికి ఏ తెగులూ రాదు, మందు ఖర్చే ఉండదు అన్నాడు. నిరుడు ఎండాకు తెగులుతో బాగా దెబ్బతిన్నాం కాబట్టి నాన్న ఎలాగో ఒప్పుకున్నారు.

నారుమడిలోనే ఈ కొత్త విత్తనం నారు అక్కడక్కడా ఎండింది. నాటాక తేరుకుంది, సర్లే అనుకున్నాం. ఇవాళ వెళ్తే ఆ రెండెకరాల్లోనే ఆకుల మీద మచ్చలు. పక్కన మామూలు బీపీటీలో కూడా ఆకులు పసుపెక్కుతున్నాయి కానీ నాన్న కంటికి అది కనిపించట్లేదు, పొద్దుటి నుంచి "నీ హైదరాబాద్ విత్తనం" అని ఒకటే దెప్పుడు.

ఆమధ్య ఒక రైతు సదస్సులో సైంటిస్టు ఒకాయన ఈ రకంలో "రిసెప్టర్ ప్రొటీన్" ఉంటుంది, అది తెగులు బాక్టీరియాను గుర్తుపడుతుంది అని చెప్పారు. గుర్తుపడితే మరి ఈ మచ్చలేంటి? అసలు ఇది జీఎం (జన్యుమార్పిడి) విత్తనమా? తెలిసినవాళ్ళు తెలుగులో కాస్త విడమరిచి చెప్పండి.

రెండోపంట (ఆదివారం రాత్రి 10:05)

ఏ తెగులూ రాదు అని చెప్పినవాడిని నమ్మడం దగ్గరే తప్పు జరిగింది తమ్మీ. ముప్పై ఏళ్ళ నుంచి మిర్యాలగూడ దిక్కు వరి చేస్తున్నా, అన్ని తెగుళ్ళనూ ఆపే రకం ఇప్పటిదాకా చూడలేదు. రిసెప్టరో గిసెప్టరో నాకు తెలియదు, నేనూ వింటా.

సగంఎమ్మెస్సీ (ఆదివారం రాత్రి 10:31)

ప్లాంట్ పాథాలజీ చదువుతున్నా, పేరులో ఉన్నట్టు ఇంకా సగంలోనే ఉన్నా, తప్పులుంటే పెద్దలు సరిదిద్దండి.

అన్నా, ముందు మచ్చలు ఎలా ఉన్నాయో చెప్పండి. ఆకు కొస నుంచి, అంచుల వెంట కిందికి దిగుతూ, అల అల్లాడినట్టు వంకర గీతతో పసుపుగా మారి ఎండుగడ్డి రంగుకు వస్తోందా? లేక ఆకు మధ్యలో విడివిడిగా మచ్చలా? పొద్దున్నే చూస్తే ఆకు మీద పసుపు జిగురు చుక్కలు ఏమైనా ఉన్నాయా? ఇంకోటి, నారు నాటేముందు కొసలు కోశారా?

కాల్వగట్టు (సోమవారం ఉదయం 7:15)

నాన్నను గట్టు మీదికి పంపి వీడియో కాల్‌లో చూశా. కొత్త విత్తనం వేసిన మడిలో మచ్చలు విడివిడిగా ఉన్నాయి, రెండు చివర్లా సన్నగా మధ్యలో లావుగా, నూలు కండెలా. మధ్యలో బూడిద రంగు, చుట్టూ గోధుమ అంచు. మామూలు బీపీటీలో మాత్రం మీరు చెప్పినట్టే కొస నుంచి అంచు వెంట పసుపు దిగుతోంది, ఒకటి రెండు ఆకుల మీద జిగురు కూడా ఉంది.

నారు కొసలు అంటారా, కోశారు. కాలవ నీళ్ళు ఆలస్యమై నారు ముదిరి బాగా పొడవైపోయింది. కూలీలు కట్టలు కట్టి కొడవలితో కొసలు లేపేసి నాటారు. రెండు విత్తనాలకూ అంతే. నారుమడిలో ఎండు అప్పటికి కొంచెం మొదలైంది.

సగంఎమ్మెస్సీ (సోమవారం ఉదయం 8:02)

అయితే అన్నా, మీ పొలంలో ఉన్నవి రెండు వేర్వేరు జబ్బులు. నూలు కండె మచ్చ అగ్గితెగులు, అది శిలీంధ్రం, అంటే బూజు జాతి. అంచు వెంట దిగేది బాక్టీరియా ఎండాకు తెగులు. మీ ఇంప్రూవ్డ్ సాంబమసూరిలో పెట్టింది రెండోదాన్ని ఆపే సరుకు మాత్రమే. మీరు చెప్పినదాన్ని బట్టి అది తన పని తను చేస్తోంది, ఎండాకు తెగులు పక్క మడిలోనే ఆగింది చూడండి! అగ్గితెగులును ఆపడం దాని బాధ్యత కాదు. మామూలు బీపీటీ అగ్గితెగులుకు ఎంత లొంగుతుందో ఇదీ దాదాపు అంతే లొంగుతుంది.

కొసలు కోసిన సంగతి చదివి నవ్వొచ్చింది, ఏమనుకోకండి. మేము ల్యాబ్‌లో ఒక రకం ఎండాకు తెగులుకు తట్టుకుంటుందో లేదో పరీక్షించాలంటే ఏం చేస్తామో తెలుసా? కత్తెరను బాక్టీరియా కలిపిన నీళ్ళలో ముంచి ఆకు కొస కత్తిరిస్తాం. ముంచడం, కత్తిరించడం, మళ్ళీ ముంచడం. పద్నాలుగు రోజులాగి కొస నుంచి ఎన్ని సెంటీమీటర్లు ఎండిందో స్కేలు పెట్టి కొలుస్తాం. ప్రపంచమంతా ఇదే పద్ధతి. మీ కూలీలు కొడవలితో చేసింది కూడా అదే, నీళ్ళ తొట్టె ఒక్కటే తక్కువ. జబ్బు ఉన్న ఒక్క కట్ట కోస్తే చాలు, కొడవలి అంచుకు అంటుకుని తర్వాతి కట్టలన్నిటికీ ఎక్కుతుంది. పైగా ఈ బాక్టీరియా లోపలికి వెళ్ళేది గాయాల గుండా, లేదంటే ఆకు అంచున తెల్లవారుజామున నీటి చుక్కలు వచ్చే రంధ్రాల గుండా. మనమే తలుపు తీసి పెట్టినట్టు.

ఊరికేచదివా (సోమవారం ఉదయం 9:20)

నేను సాఫ్ట్‌వేర్, పొలం లేదు, కానీ ఆసక్తిగా ఉంది. అంటే రిసెప్టర్ ఒక యాంటీవైరస్ లాంటిదన్నమాట, తన లిస్టులో ఉన్న వైరస్‌నే పట్టుకుంటుంది, కొత్తదొస్తే అప్‌డేట్ కావాలి. కరెక్టేనా?

జన్యుపిచ్చి (సోమవారం మధ్యాహ్నం 1:48)

సగం కరెక్టు. నేను మొక్కల రోగనిరోధకత మీదే పోస్ట్‌డాక్ చేస్తున్నా (ఇండియాలో కాదు), కాస్త పొడుగ్గా రాస్తా, ఓపిక ఉన్నవాళ్ళు చదవండి.

మన ఒంట్లో రక్తం ఉంది, అందులో తిరుగుతూ కాపలా కాసే కణాలు ఉన్నాయి, ఒకసారి వచ్చిన క్రిమికి యాంటీబాడీ తయారై గుర్తుండిపోతుంది. వరి మొక్కకు ఇవేవీ లేవు. దానికి పోలీసు జీపు లేదు, ప్రతి ఇంటివాడూ తన వాకిలి తనే కాచుకోవాలి. ఆ కాపలాకు పెట్టుకున్న ప్రొటీన్లే రిసెప్టర్లు. కొన్ని కణం పైపొరలో దిగబడి ఒక చివర బయటికి, ఒక చివర లోపలికి ఉంటాయి. కొన్ని పూర్తిగా లోపలే ఉంటాయి. వరిలో మొదటి తరహావి, రిసెప్టర్ కైనేజులంటారు, 1100కు పైనే ఉన్నాయి. అన్నీ తెగుళ్ళ కోసమే కాదు, ఎదుగుదల హార్మోన్లను అందుకునేవి కూడా ఇందులోనే ఉన్నాయి. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, కింద పనికొస్తుంది.

మీ విత్తనంలో ఉన్న రిసెప్టర్ పేరు ఎక్స్‌ఏ21. దాని బయటి భాగంలో లూసిన్ అనే అమైనో ఆమ్లం ఎక్కువగా ఉండే ఒకే తరహా మడత 23 సార్లు వరసగా వచ్చి, మొత్తం కలిసి కొడవలిలా వంపు తిరుగుతుంది. ఎండాకు తెగులు బాక్టీరియా రాక్స్‌ఎక్స్ అనే ఒక చిన్న ప్రొటీన్ ముక్కను బయటికి వదులుతుంది. ఆ ముక్కలో ఒకచోట సల్ఫేట్ అంటించి ఉంటుంది. సల్ఫేట్ ఉంటేనే ఎక్స్‌ఏ21 దాన్ని పట్టించుకుంటుంది, తీసేస్తే అస్సలు పట్టదు, అంత పట్టింపు దానికి. బయట అది తగలగానే లోపలి చివరనున్న కైనేజ్ పక్క ప్రొటీన్లకు ఫాస్ఫేట్లు అంటించడం మొదలుపెడుతుంది. కబురు ఒకరి నుంచి ఒకరికి అందుకుని కేంద్రకం దాకా పోతుంది, రక్షణ జన్యువులు మేలుకుంటాయి, బాక్టీరియా అక్కడికక్కడ నిలిచిపోతుంది. చచ్చిపోతుందని కాదు, ముందుకు పాకలేదు. అందుకే తట్టుకునే రకంలో కూడా కత్తిరించిన చోట రెండు మూడు సెంటీమీటర్లు ఎండుతుంది. అది చూసి "ఇదీ పోయింది" అనుకోవద్దు.

బాక్టీరియాకు ఆ రాక్స్‌ఎక్స్ ఎందుకు, దొరికిపోవడానికా? కాదు. మొక్కలో పీఎస్‌వై అనే ఎదుగుదల హార్మోన్ ఒకటి ఉంది, రాక్స్‌ఎక్స్ అచ్చం దాన్ని అనుకరిస్తుంది. దొంగ మన ఇంటివాళ్ళ గొంతుతో తలుపు కొడుతున్నాడన్నమాట. ఎక్స్‌ఏ21 గొప్పతనం ఏంటంటే దొంగ గొంతు వింటే లేస్తుంది, అసలు ఇంటిమనిషి పిలిస్తే లేవదు.

అగ్గితెగులు బూజు ఈ రాక్స్‌ఎక్స్‌ను తయారుచేయదు. ఇక ఎక్స్‌ఏ21 దాన్ని ఎలా పట్టుకుంటుంది?

రెండోపంట (సోమవారం మధ్యాహ్నం 2:30)

ఇది అర్థమైంది. ఇంటివాళ్ళ గొంతు ముక్క బాగుంది. మరి జీఎం అవునా కాదా, దానికి జవాబు రాలేదు.

సగంఎమ్మెస్సీ (సోమవారం సాయంత్రం 5:10)

జీఎం కాదండీ. మామూలు సంకరమే, ఎంపిక మాత్రం డీఎన్‌ఏ గుర్తులు చూసి చేశారు. హైదరాబాద్‌లోని సీసీఎంబీ (కణ, అణు జీవశాస్త్ర పరిశోధన కేంద్రం), రాజేంద్రనగర్‌లో ఉన్న వరి పరిశోధన సంస్థ కలిసి చేశాయి, 2008లో విడుదలైంది. సాంబమసూరిని ఆ జన్యువులున్న రకంతో కలిపి, వచ్చిన పిల్ల మొక్కల్ని మళ్ళీ మళ్ళీ సాంబమసూరితోనే కలుపుతూ పోయారు, బియ్యం సన్నదనం, వంట గుణం పోకుండా. ప్రతి తరంలోనూ వందల మొక్కల నుంచి చిన్న ఆకు ముక్క తీసి డీఎన్‌ఏ చూసి, కావాల్సిన గీతలు జెల్ మీద కనిపించిన మొక్కల్నే ఉంచుకున్నారు. మొక్క పెరిగి జబ్బు పడేదాకా ఆగక్కర్లేదు, అదీ లాభం. కోతకు కూడా మామూలు దానికంటే వారం పది రోజులు ముందే వస్తుందని చెబుతారు.

నల్లరేగడి (సోమవారం సాయంత్రం 6:22)

ఆ జన్యువు పుట్టిల్లు సంగతి ఎవరూ చెప్పలేదు. అది ఆఫ్రికాలో మాలి దేశపు అడవి వరిది. అన్నానికి పనికిరాదు, కలుపులా పెరుగుతుంది. దానికి ఎండాకు తెగులు పట్టదని కనిపెట్టింది మాత్రం మన దగ్గరే, కటక్‌లోని కేంద్ర వరి పరిశోధన సంస్థలో, 1977లో. తర్వాత ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ ఇర్రీలో గురుదేవ్ ఖుష్ బృందం ఏళ్ళ తరబడి సంకరం చేసి 1990 నాటికి ఐఆర్24 అనే సాగు రకంలోకి తెచ్చింది. కాలిఫోర్నియాలో పమేలా రోనాల్డ్ ల్యాబ్ 1995లో జన్యువును విడదీసి, ఇది రిసెప్టర్ అని చూపించింది. పురుగులు, ఎలుకలు, మనుషుల్లో క్రిములను పసిగట్టే టోల్ రిసెప్టర్ల సంగతి తేలింది ఆ తర్వాతే, 1996లో, 1998లో. దానికి 2011లో నోబెల్ వచ్చింది. వరి ముందే చెప్పింది, ఎవరు వింటారు :)

తప్పులెన్ను (సోమవారం రాత్రి 8:15)

రోనాల్డ్ ల్యాబ్ అన్నారు కాబట్టి అడుగుతున్నా. వాళ్ళు 2009లో ఎక్స్‌ఏ21 గుర్తుపట్టేది వేరే ప్రొటీన్ అని పెద్ద జర్నల్‌లో వేసి, తర్వాత వెనక్కి తీసుకున్నారు కదా? ఇప్పుడు రాక్స్‌ఎక్స్ అంటున్నారు. రేపు ఇంకోటి అనరని ఏంటి గ్యారంటీ?

జన్యుపిచ్చి (సోమవారం రాత్రి 11:37)

నిజమే, దాచాల్సిన పని లేదు. 2009లో ఏఎక్స్21 అనే ప్రొటీన్ అన్నారు. తర్వాత ల్యాబ్‌కు వచ్చిన కొత్తవాళ్ళు ఆ ప్రయోగాలు మళ్ళీ చేస్తే రాలేదు. తవ్వి చూస్తే, నిల్వ ఉంచిన బాక్టీరియా రకాల్లో ఒకదాని పేరు ఇంకోదానికి పడింది. 2013లో పేపర్ వెనక్కి తీసుకున్నారు, ఎలా జరిగిందో ఆవిడే బాహాటంగా రాశారు కూడా. రాక్స్‌ఎక్స్ 2015లో వచ్చింది, దాన్ని పీకి పరీక్షించి మరీ వేశారు. ఆ ముక్కను బాక్టీరియా నుంచి తీసేస్తే ఎక్స్‌ఏ21 ఉన్న వరి కూడా జబ్బు పడుతుంది, తిరిగి పెడితే పడదు. పొలాల నుంచి తెచ్చిన బాక్టీరియాల్లో ఎక్స్‌ఏ21ను తప్పించుకునేవాటిలో రాక్స్‌ఎక్స్ మారిపోయి ఉంది. ఇంతకంటే గ్యారంటీ నేనివ్వలేను.

మీ ప్రశ్నలో అసలు భయం వేరేచోట ఉంది. బాక్టీరియా రాక్స్‌ఎక్స్‌ను మార్చుకుంటే రిసెప్టర్ గుడ్డిదవుతుంది. అందుకే ఇంప్రూవ్డ్ సాంబమసూరిలో ఒక్క జన్యువు పెట్టలేదు, మూడు పెట్టారు: ఎక్స్‌ఏ21, ఎక్స్‌ఏ13, ఎక్స్‌ఏ5. సరదా ఏంటంటే మిగతా రెండూ రిసెప్టర్లే కావు.

ఊరికేచదివా (మంగళవారం ఉదయం 9:05)

కావా? మరేంటి?

సగంఎమ్మెస్సీ (మంగళవారం ఉదయం 9:48)

ఇది నేను చెప్తా, మొన్నే సెమినార్ ఇచ్చా.

బాక్టీరియాకు సూది లాంటి ఒక ఏర్పాటు ఉంటుంది, దాంతో కణంలోకి తన ప్రొటీన్లు ఎక్కిస్తుంది. వాటిలో కొన్ని తిన్నగా కేంద్రకంలోకి పోయి, చక్కెర బయటికి పంపే జన్యువు ముందున్న స్విచ్ మీద కూర్చుని ఆన్ చేస్తాయి. చక్కెర కుళాయి తిప్పుకున్నట్టు! కణం లోపలి చక్కెర బయటికి కారుతుంది, బాక్టీరియా తాగి కూర్చుంటుంది. ఎక్స్‌ఏ13 ఉన్న వరిలో ఆ స్విచ్ దగ్గర డీఎన్‌ఏ మారిపోయి ఉంటుంది, వాడికి పట్టు దొరకదు. ఎక్స్‌ఏ5లో ఏమో, జన్యువులను చదివే యంత్రాంగంలోని ఒక ప్రొటీన్‌లో ఒకే ఒక్క అమైనో ఆమ్లం మారింది, దాంతో బాక్టీరియా ప్రొటీన్లు ఆ యంత్రాంగాన్ని సరిగా వాడుకోలేవు.

అంటే ఎక్స్‌ఏ21 కుక్క మొరిగినట్టు, మిగతా రెండూ బీరువా తాళం మార్చినట్టు. కుక్కను ఏమార్చినా బీరువా తెరుచుకోదు. ఒక మెలిక ఉంది: ఎక్స్‌ఏ21 తల్లి నుంచో తండ్రి నుంచో ఒక్క కాపీ వచ్చినా పనిచేస్తుంది, మిగతా రెండూ ఇద్దరి నుంచీ రావాలి. హైబ్రిడ్లలో ఇవి పెట్టడం అందుకే తలనొప్పి.

విత్తనాలకొట్టు (మంగళవారం మధ్యాహ్నం 12:30)

విత్తనాల వ్యాపారంలోనే ఉన్నా కాబట్టి ఒక మాట. "ఏ తెగులూ రాదు" అని అమ్మడం తప్పు, ఒప్పుకుంటా, మాలో అలా అనేవాళ్ళు ఉన్నారు. కానీ కొనేవాళ్ళు కూడా సంచి ట్యాగు, బిల్లు దాచుకోవాలి. ఈ రకం పేరు మీద మామూలు బీపీటీ కట్టి అమ్మిన సందర్భాలు నా కళ్ళారా చూశా, గింజ చూసి తేడా ఎవరూ చెప్పలేరు. కాల్వగట్టు గారూ, మీ మడిలో ఎండాకు తెగులు కొత్త విత్తనంలో లేదు, పాతదాంట్లో ఉందంటున్నారు కాబట్టి మీకు అసలు సరుకే వచ్చినట్టుంది.

కాల్వగట్టు (మంగళవారం మధ్యాహ్నం 1:15)

హమ్మయ్య. కానీ నారుమడిలో ఎండిందన్నాను కదా, అది కొత్త విత్తనంలోనే. అదెలా?

జన్యుపిచ్చి (మంగళవారం మధ్యాహ్నం 3:02)

మంచి ప్రశ్న. ఎక్స్‌ఏ21 లేత నారులో పూర్తి బలంతో పనిచేయదు. మొక్క ఎదిగేకొద్దీ బలపడుతుంది, పెద్ద మొక్కలో పూర్తి బలం వస్తుంది. ఇది 1999 నుంచి తెలిసిన సంగతే. కాబట్టి నారుమడిలో ఎండి, నాటాక తేరుకోవడం ఆ కథకు సరిపోతుంది. కానీ అది ఎండాకు తెగులే అని నేను ఇక్కడి నుంచి చెప్పలేను. నారు ఎండడానికి అగ్గితెగులు, జింకు లోపం, ఉప్పు నీరు, ఏదైనా కావచ్చు.

ఇది ఎక్స్‌ఏ21 ఒక్కదాని గుణమే కాదు, రిసెప్టర్లన్నిటికీ ఇలాంటి వంకలుంటాయి. పొగాకులో మొజాయిక్ వైరస్‌ను పట్టే ఎన్ అనే జన్యువు 28 డిగ్రీలు దాటితే చేతులెత్తేస్తుంది. మన ఎండలకు 28 ఒక లెక్కా!

అత్తగారిపొలం (మంగళవారం సాయంత్రం 4:40)

భీమవరం దగ్గర నుంచి. ఆరేళ్ళుగా వ్యవసాయం నేనే చూస్తున్నా. మా దగ్గర రొయ్యల పెంకుల నుంచి తీసిన ద్రావణం ఒకటి అమ్ముతున్నారు, కొడితే మొక్కకు ఇమ్యూనిటీ వస్తుందట. ఇదీ ఈ రిసెప్టర్ కథేనా, లేక డబ్బులు గుంజడమా?

జన్యుపిచ్చి (మంగళవారం సాయంత్రం 5:55)

రెండూ కొంచెం కొంచెం మేడమ్ :) రొయ్య పెంకులో ఉండే కైటిన్, బూజుల కణగోడలో ఉండే కైటిన్ ఒకటే పదార్థం. వరికి కైటిన్ ముక్కలను పట్టే రిసెప్టర్లు పుట్టుకతోనే ఉన్నాయి, సెబిప్, సెర్క్1 అని. కైటిన్ ముక్క తగలగానే "బూజు వచ్చింది" అని మొక్క అప్రమత్తమవుతుంది. కాబట్టి సూత్రం నిజం. పొలంలో ఎంత పనిచేస్తుందనేది ఎంత కొట్టారు, ఎప్పుడు కొట్టారు, డబ్బాలో నిజంగా ఏముంది అన్నదాని మీద ఉంటుంది. జబ్బు వచ్చాక కొడితే మాత్రం దొంగ పడ్డాక కుక్కను తెచ్చుకున్నట్టే. ఒక మడిలో కొట్టి, ఒక మడి వదిలేసి మీరే చూడండి.

ఊరికేచదివా (మంగళవారం రాత్రి 9:30)

ఒక డౌట్. ఇన్ని రిసెప్టర్లు పుట్టుకతో ఉంటే అసలు తెగుళ్ళు ఎందుకొస్తున్నాయి? ఇంకోటి, అన్ని తెగుళ్ళ రిసెప్టర్లూ ఒకే వరిలో కుక్కి అన్నీ ఎప్పుడూ ఆన్‌లో పెట్టేయొచ్చుగా?

జన్యుపిచ్చి (బుధవారం ఉదయం 6:20)

మొదటిదానికి: క్రిములు ఊరుకోవు. పైన చెప్పిన సూదితో లోపలికి పంపే ప్రొటీన్లలో కొన్నిటి పనే అలారం వైరు కోయడం. దానికి మొక్క వేసుకున్న ఎత్తే లోపలి రిసెప్టర్లు, ఎన్ఎల్ఆర్‌లు అంటాం. వైరు కోసే చెయ్యిని ఇవి పట్టుకుంటాయి. కొన్ని ఆ చేతిని నేరుగా పట్టవు, వైరును కాపలా కాస్తూ తెగిందా లేదా చూస్తాయి. ఆవాల జాతి మొక్కలో జార్1 అనే ఎన్ఎల్ఆర్ ఉంది. ప్రమాదం తెలియగానే ఐదు జార్1లు చక్రంలా కూడి, గరాటులా మారి కణం పైపొరలో దిగబడతాయని చైనా శాస్త్రవేత్తలు 2019లో చూపించారు. ఆ గరాటు గుండా కాల్షియం లోపలికి దూకి కణం తనను తాను చంపుకుంటుంది, చుట్టుపక్కల కణాలు బతుకుతాయి. తట్టుకునే రకాల ఆకుల మీద కనిపించే సూది మొన లాంటి గోధుమ చుక్కలు చాలాసార్లు ఇవే. అవి జబ్బు చుక్కలు కావు, గెలిచిన చోట్లు. రైతులు ఇవి చూసి కంగారుపడి మందు కొడుతుంటారు.

రెండోదానికి: ఎప్పుడూ ఆన్‌లో పెడితే మొక్క ఎదగదు. కురచబడి, తనను తనే కాల్చుకుంటుంది. ఎక్స్‌ఏ21 పక్కన కూడా ఊరికే మోగకుండా పట్టి ఉంచే ప్రొటీన్లు కాపలా ఉంటాయి. పది బస్తాలు కావాలా, పది అలారాలు కావాలా అన్నది ప్రశ్న.

నల్లరేగడి (బుధవారం ఉదయం 8:50)

మొక్కకూ క్రిమికీ ఉన్న ఈ జోడీని మొదట లెక్కకట్టింది అవిసె గింజల పంట మీద. అమెరికాలో నార్త్ డకోటాలో హెరాల్డ్ ఫ్లోర్ 1940లలో అవిసెనూ దానికొచ్చే తుప్పు తెగులునూ రెంటినీ సంకరాలు చేసి చూశాడు. మొక్కలో ఒక నిరోధక జన్యువుకు తెగులులో దానికి జోడీగా ఒక జన్యువు ఉంటుందని తేల్చాడు. డీఎన్‌ఏ ఆకారం తెలియక ముందు మాట!

రెండోపంట (బుధవారం ఉదయం 10:11)

మొన్న పేపర్లో వచ్చిన కమల అనే వరి ఉంది కదా, జన్యువు సవరించింది, అది కూడా సాంబమసూరేనట. దాంట్లో ఈ కుక్కా బీరువా ఉన్నాయా?

సగంఎమ్మెస్సీ (బుధవారం ఉదయం 10:40)

లేవండీ. 2025 మేలో ప్రకటించిన కమల, డీఆర్ఆర్ ధన్ 100 అంటారు, సాంబమసూరిలో సీకేఎక్స్2 అనే జన్యువును సవరించి చేసింది. దాని పని కంకికి గింజలు పెంచడం. తెగుళ్ళ సంగతి వేరు. రెండూ కలపడం ఎప్పటికైనా జరగొచ్చు, పైన చెప్పిన చక్కెర కుళాయి స్విచ్‌లను జన్యు సవరణతో మార్చి ఎండాకు తెగులు ఆపొచ్చని 2019లోనే వేరే వరి రకాల్లో చూపించారు.

విత్తనాలకొట్టు (బుధవారం ఉదయం 11:25)

ఇదే ఊపులో టమాటా ఆకుముడత గురించి కూడా చెప్పండి, మదనపల్లె రైతులు రోజూ అడుగుతారు. టీవై జన్యువు ఉన్న హైబ్రిడ్ అంటాం, లోపల ఏముందో మాకూ తెలియదు.

జన్యుపిచ్చి (బుధవారం మధ్యాహ్నం 12:45)

క్లుప్తంగా: టీవై-1 రిసెప్టర్ కాదు, ఆర్‌ఎన్‌ఏ తయారుచేసే ఎంజైము, వైరస్ జన్యువుల నోరు నొక్కడానికి పనికొస్తుంది. టీవై-2 మాత్రం పైన చెప్పిన ఎన్ఎల్ఆర్ జాతిది. వైరస్ మారితే రెండోది ఓడిపోయే అవకాశం ఎక్కువ. హైబ్రిడ్ కొనేటప్పుడు "టీవై ఉందా" అని కాకుండా "ఏ టీవై" అని అడగమనండి. మిగతాది వేరే చర్చగా పెట్టండి, ఇక్కడ వరి వాళ్ళు తన్నేలా ఉన్నారు.

అత్తగారిపొలం (బుధవారం మధ్యాహ్నం 2:05)

కాల్వగట్టు గారూ, సైన్సు అయిపోయింది కదా, నాన్నగారు ఇప్పుడు ఏం చేయాలో ఎవరూ చెప్పలేదు. మామూలు బీపీటీ మడికి యూరియా ఆపేయమనండి, నత్రజని ఎక్కువైతే ఎండాకు ఎగబాకుతుంది. ఆ మడి నీళ్ళు కొత్త విత్తనం మడిలోకి పారనివ్వకండి. తడి ఆకుల మధ్య తిరగొద్దు. ఎండాకుకు సరైన మందే లేదు, ఎవరు ఏ డబ్బా అంటగట్టినా రెండుసార్లు ఆలోచించండి. అగ్గితెగులుకు మందు ఉంది, మచ్చలు మెడ మీదికి, కంకి కింద కణుపుకు ఎక్కకముందే మీ ఊరి వ్యవసాయ అధికారికి ఆకు చూపించి కొట్టించండి. వచ్చే ఏడు నారు ముదరనివ్వకండి, ముదిరినా కొసలు కోయొద్దు. కూలీలు కోస్తామనే అంటారు, వాళ్ళకు నాటడం తేలిక కాబట్టి. నేను దగ్గరుండి వద్దంటే అత్తగారు నన్నే తిట్టారు.

సగంఎమ్మెస్సీ (బుధవారం మధ్యాహ్నం 2:30)

మేడమ్ చెప్పిందే ఫైనల్. ఒక చిన్న పరీక్ష కూడా చేయమనండి అన్నా. జబ్బు ఆకును పచ్చా పసుపూ కలిసే చోట కత్తిరించి, గాజు గ్లాసులో తేట నీళ్ళు పోసి, కోసిన చివర నీళ్ళలో మునిగేలా నిలబెట్టి వెలుతురుకు ఎదురుగా చూడండి. ఎండాకు తెగులైతే కొద్దిసేపట్లో కోసిన చోటు నుంచి పాలు కారినట్టు సన్నటి తెల్లటి దారం కిందికి దిగుతుంది. అది మొత్తం బాక్టీరియానే. అగ్గితెగులు ఆకైతే నీళ్ళు తేటగానే ఉంటాయి. రెండు మడుల ఆకులూ పక్కపక్కన పెట్టి నాన్నగారికి చూపించండి.

కాల్వగట్టు (శనివారం రాత్రి 8:50)

ఊరొచ్చా. పరీక్ష చేశాం. ఇంట్లో అన్నీ స్టీలు గ్లాసులే, చుట్టాలొస్తే తీసే గాజు గ్లాసులు రెండు బీరువాలోంచి తీయించా. కొత్త విత్తనం ఆకు పెట్టిన గ్లాసు పావుగంటైనా తేటగా ఉంది. మామూలు బీపీటీ ఆకు గ్లాసులో ఐదు నిమిషాలకే దారం మొదలైంది, ట్యూబ్‌లైట్‌కు అడ్డంగా పెడితే అగరుబత్తి పొగ తలకిందులుగా దిగుతున్నట్టు ఉంది. నాన్న చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత "మన విత్తనమేనా ఇది" అన్నారు, అంతే. నీళ్ళ కాలవ అడ్డు కట్టొచ్చారు, అగ్గితెగులుకు రేపు మందు.

అందరికీ థాంక్స్. అమ్మ మాత్రం ఆ రెండు గ్లాసులూ మళ్ళీ బీరువాలో పెట్టనివ్వట్లేదు, ఆ క్రిమి మనుషులకు రాదని ఎంత చెప్పినా వినట్లేదు. ఎవరైనా డాక్టర్లుంటే ఒక ముక్క రాయండి, చూపిస్తా.